ఆటలో అరటిపండు ఎవరు?

పిల్లల సాఫ్ట్‌బాల్ మైదానంలో ఆటగాళ్ళ బాధ్యత – తల్లిదండ్రుల బాధ్యత

వేసవి సెలవులలో సుక్మా మీదుగా భద్రాచలం వైపు స్వస్థలాలకు వెళ్ళివచ్చే మన ఉద్యోగ కుటుంబాలకు ఎర్రబోరు అపరిచితమైన ఊరు కాదు. దోర్నపాల్ దాటిన తరువాత, కుంట చేరుటకు ముందు, 30వ నెంబరు జాతీయ రహదారిపై ఉన్న చిన్న గ్రామమది. గోండి, దొర్ల మాటల నడుమ తెలుగు మాట కూడా చెవిని పడే సరిహద్దు నేల. సాధారణంగా మనము అక్కడ ఆగము. ఆగవలసిన పని ఉండదు.

గత మే నెలలో మాత్రం మేము అక్కడ గంటసేపు ఆగవలసి వచ్చింది. మన టౌన్‌షిప్ బాలల క్రీడా సంఘం సభ్యులము నలుగురము ప్రయాణిస్తున్న జీపు టైరు పంక్చరయింది. తీరా చూస్తే స్టెప్నీలోనూ గాలి లేదు. డ్రైవరు దారిన పోయే లారీనొకదానిని ఆపి టైరుతో దోర్నపాల్ వైపు వెళ్ళాడు. మేము టీ దుకాణం ముందున్న బల్ల మీద కూర్చొన్నాము.

తునికాకు కోసే రోజులవి. తెల్లవారుజామున పెద్దలతో అడవికి వెళ్ళి ఆకు కోసి, పగలంతా కట్టలు కట్టడంలో సాయపడిన పిల్లలు, నీడలు సాగిన తరువాత తాటిచెట్ల క్రింద ఆటకు దిగారు. ఎనిమిది తొమ్మిది మంది ఉంటారు. పాతగుడ్డలను ఉండగా చుట్టి, సైకిలు ట్యూబు ముక్కలతో బిగించిన బంతి. చెక్కిన కర్ర ఒకటి బ్యాటు. బంతిని చేయి క్రిందినుండి విసరుతున్నారు. కొట్టినవాడు ఎదుటి చెట్టును తాకి తిరిగి రావాలి. ఇంచుమించు మన సాఫ్ట్‌బాలే!

వారిలో అయిదేళ్ళ పాప ఒకతె ఉన్నది. ఆమె వంతు వచ్చినపుడు బంతిని నేల మీద మెల్లగా దొర్లించారు. తగలకపోతే లెక్కలేదు, మళ్ళీ దొర్లించారు. తగిలినపుడు ఆమె చెట్టు వైపు పరుగెత్తుతుంటే రెండు పక్షాల పిల్లలూ అరచి ఉత్సాహపరచారు. మన ఇళ్ళలో ఇటువంటి పిల్లలను 'ఆటలో అరటిపండు' అంటాము. లెక్కకు రాకపోయినా ఆటలో ఉంటారు. ఔటయ్యాడా లేదా అన్న తగవు రెండుసార్లు వచ్చింది. రెండు నిముషాలు గట్టిగా వాదించుకొన్నారు, చివరకు మళ్ళీ బంతి వేసి తేల్చుకొన్నారు. తీర్పు చెప్పడానికి పెద్దలెవరూ రాలేదు. టీ దుకాణం మంచం మీద కూర్చొన్న వృద్ధుడొకడు, బంతి తన వైపు దొర్లినపుడు మాత్రం తీసి విసరివేస్తున్నాడు.

"ఎవరు గెలుస్తున్నారు తాతా?" అని మాలో ఒకరు అడిగారు.

"ఎవరు గెలిస్తే ఏముందయ్యా, చీకటి పడేదాకా ఆడుతారు" అన్నాడాయన.

ఆ మాట విన్న తరువాత మేము కొంతసేపు మాటలాడుకోలేదు. నెలరోజుల క్రితం మన మైదానంలో జరిగినది నలుగురికీ ఒకేసారి జ్ఞాపకం వచ్చింది.

మన మైదానంలో జరిగినది

గత ఏప్రిల్ వేసవి శిబిరంలో సాఫ్ట్‌బాల్ నేర్చుకొన్న పిల్లలను రెండు జట్లుగా చేసి చివరి రోజున పోటీ ఏర్పాటు చేశాము. కప్పు తెప్పించాము, కుర్చీలు వేయించాము, మైకు పెట్టించాము. పన్నెండేళ్ళ అమ్మాయి ఒకతె రెండవ బేస్ వద్ద కాపు కాస్తున్నది. ఆమె తండ్రి మనతోపాటు షిఫ్టులలో పనిచేసే సోదర ఉద్యోగి. తాడుకు ఇవతల నిలబడి, వేసిన ప్రతి బంతికీ కేక వేస్తున్నాడు: "ముందుకు రా! చేయి దించు! ఎటు చూస్తున్నావు?"

చివరి ఇన్నింగ్స్‌లో బంతి ఆమె వైపు దొర్లి వచ్చింది. సరిగా ఆ క్షణంలో తండ్రి మరొక కేక వేశాడు. అమ్మాయి బంతిని చూడవలసినది, తండ్రి ముఖం చూచింది. బంతి కాళ్ళ ప్రక్కనుండి పోయింది. రెండు పరుగులు వచ్చాయి, పోటీ ఓడిపోయారు. "ఇందుకేనా ఇంత డబ్బు పోసి గ్లౌజు కొన్నది?" అని తండ్రి అందరి ఎదుట అన్నాడు.

మరునాడు క్యాంటీనులో ఆయనే మా వద్దకు వచ్చి కూర్చొన్నాడు. రాత్రి భోజనాల వేళ కూతురు అన్న మాట చెప్పాడు: "నాన్నా, మీరు వస్తే ఇక నేను రాను." ఆ మాట చెబుతున్నపుడు ఆయన గొంతు బొంగురుపోయింది. "నేను దానికి మేలు చేస్తున్నాననే అనుకొన్నానండీ" అన్నాడు.

తప్పు ఆయన ఒక్కనిదే అని వ్రాయడం న్యాయం కాదు. అదే పోటీలో ముగ్గురు పిల్లలకు ఒక్కసారి కూడా బ్యాటు అందలేదు. కప్పు ఎటు పోతుందా అన్న ఆరాటంలో, బాగా ఆడేవారినే ఆడించినది మేమే. ముగింపులో ఆ ముగ్గురికీ అందరితోపాటు పతకాలు ఇచ్చాము. ఒక తల్లి వచ్చి, కోపమేమీ లేకుండా, "మా బాబు ఈ రోజు ఏమి ఆడాడండీ?" అని అడిగింది. మా వద్ద సమాధానం లేకపోయినది. ఎర్రబోరు పాప ఆటలో అరటిపండు కాదు. పతకం మెడలో వేసికొని బెంచీ మీద కూర్చొన్న మన పిల్లలే నిజమైన అరటిపండ్లు.

ఆ ఊరి సంగతి మరొకటి కూడా చెప్పవలసి ఉన్నది. సల్వాజుడుం కాలంలో ఎర్రబోరులో ఇళ్ళు విడిచి వచ్చినవారి శిబిరం ఉండేది. 2006 జులైలో ఆ శిబిరంపై జరిగిన దాడిలో 30 మందికి పైగా మరణించారు. మృతులలో పసిపిల్లలు కూడా ఉన్నారు. ఆ దుఃఖంతో మన మైదానపు కేకలను పోల్చడం తగదు, మేము పోల్చడం లేదు. అయితే పెద్దల పోరులో పిల్లలు ఎంత కోల్పోతారో తెలిసిన ఊరిలో, పిల్లల ఆటను పిల్లలకే విడిచిపెట్టి ప్రక్కన కూర్చొన్న ఆ వృద్ధుని చూచినపుడు, నేర్చుకోవలసినవారము మేమేనని అనిపించింది.

ఈ ఆట స్వభావం

సాఫ్ట్‌బాల్ పుట్టుక కూడా ఎర్రబోరు పిల్లల ఆట వంటిదే. 1887లో చికాగో నగరంలోని ఒక బోటు క్లబ్బులో, జార్జ్ హాంకాక్ అనే ఆయన బాక్సింగు గ్లౌజును తాడుతో ఉండగా బిగించి బంతిగా చేయగా, చీపురుకర్రను బ్యాటుగా చేసికొని నాలుగు గోడల మధ్య సరదాగా ఆడిన ఆట అది. తరువాత మైదానానికి చేరి ప్రపంచమంతటా వ్యాపించింది. 1996 అట్లాంటా నుండి 2008 బీజింగ్ వరకు మహిళల సాఫ్ట్‌బాల్ ఒలింపిక్ క్రీడగా ఉన్నది. 2021లో జరిగిన టోక్యో క్రీడలలో మరల చోటు చేసికొన్నది. 2028 లాస్ ఏంజిలిస్ క్రీడలలోనూ చేర్చబడినది.

జట్టుకు 9 మంది, ఆటకు 7 ఇన్నింగ్స్. బంతిని చేయి క్రిందినుండి విసరాలి. మహిళల పోటీలలో విసరే దూరం 43 అడుగులు, బేస్‌ల మధ్య దూరం 60 అడుగులు. చిన్నపిల్లలకు ఈ కొలతలను తగ్గిస్తారు. మూడు స్ట్రైకులకు బ్యాటరు ఔట్, ముగ్గురు ఔటయితే జట్టు వంతు పూర్తి. బంతి చుట్టుకొలత 12 అంగుళాలు. పసివారికి 11 అంగుళాల బంతి వాడుతారు. పేరులో మెత్తదనమున్నా బంతి గట్టిదే. కనుక బ్యాటరుకు, పరుగెత్తేవారికి హెల్మెట్, క్యాచరుకు ముఖకవచం, ఛాతీ కవచం, కాళ్ళ కవచాలు తప్పనిసరి.

తల్లిదండ్రులు ముఖ్యంగా గ్రహించవలసిన విషయమొకటి ఈ ఆటలో ఉన్నది. పదిసార్లు బ్యాటు పట్టి మూడుసార్లు బంతిని సరిగా కొట్టి బేస్ చేరగలిగినవారిని ఈ ఆటలో మంచి బ్యాటర్లుగా పరిగణిస్తారు. అనగా ఎంతో సాధన చేసినవారు కూడా పదింట ఏడుసార్లు విఫలమవుతారు. ఇక పన్నెండేళ్ళ పిల్ల మాట ఏమిటి? ప్రతి వైఫల్యానికి ఒక కేక వినవలసి వస్తే, ఆ పిల్ల ఈ ఆటలో వినేది కేకలే.

అకాడమీ వేరు, మన మైదానం వేరు

మన బస్తరులోనే, బీజాపూర్ క్రీడా అకాడమీలో సాఫ్ట్‌బాల్ నేర్చుకొన్న గిరిజన బాలికలు భారత జట్టు వరకు ఎదిగారు. ఇది మనమందరము గర్వించదగిన విషయం. ఈ వార్తలు చదివిన తరువాత మన కాలనీలో కొందరు తల్లిదండ్రులు, "మా అమ్మాయికి కూడా రాష్ట్రస్థాయి సర్టిఫికెట్ వస్తుందా? క్రీడాకోటాకు పనికివస్తుందా?" అని అడుగుతున్నారు. ఆ ఆశలో తప్పులేదు. పిల్లకు అభిరుచి, శక్తి ఉంటే అకాడమీ దారి చూపడం పెద్దల కర్తవ్యమే. కాని అకాడమీలో ఎంపిక ఉంటుంది, నిత్యశిక్షణ ఉంటుంది, వడపోత ఉంటుంది. మన వేసవి మైదానం ధ్యేయం అది కాదు. చేరిన ప్రతి పిల్లా ఆడాలి, ఆట మీద ఇష్టంతో ఇంటికి వెళ్ళాలి, మరుసటి ఏడాది మళ్ళీ రావాలి. ఈ రెండింటినీ కలగాపులగం చేసినందువలననే ఏప్రిల్‌లో మేము పొరబడినాము.

బాలల హక్కులపై ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన ఒడంబడికలోని 31వ అధికరణం విశ్రాంతిని, ఆటను పిల్లల హక్కుగా గుర్తించింది. భారతదేశం 1992లో ఆ ఒడంబడికలో చేరింది. ఆట పిల్లలకు మనము పెట్టే భిక్ష కాదు, మన ముచ్చట తీర్చుకొనే సాధనమూ కాదు.

అమెరికాలో 1939లో ప్రారంభమై, 1974 నుండి బాలికల సాఫ్ట్‌బాల్‌ను కూడా నిర్వహిస్తున్న లిటిల్ లీగ్ అనే బాలల క్రీడాసంస్థ, జట్టులోని ప్రతి బిడ్డకూ ఆటలో కొంత కనీస అవకాశం ఇచ్చి తీరాలని నియమం పెట్టుకొన్నది. అక్కడి అనేక సంఘాలలో ఆటలు మొదలగుటకు ముందే తల్లిదండ్రులు ప్రవర్తనా నియమాల కాగితంపై సంతకం చేస్తారు. తాడుకు ఇవతలి కేకలు మన కాలనీకే పరిమితమైన జాడ్యం కాదని దీనివలన తెలుస్తున్నది.

ఆటగాళ్ళ నుండి ఆశించేవి

దసరా సెలవుల శిబిరానికి ముందు మేము పిల్లలను, పెద్దలను విడివిడిగా కూర్చోబెట్టి మాటలాడాము. పిల్లలతో చెప్పినవి ఇవి:

వేళకు రావాలి. రాలేకపోతే ముందురోజే కబురు చేయాలి. తొమ్మిదిమంది కావలసిన ఆటలో ఒకరు రాకపోతే ఎనిమిదిమంది ఎదురుచూడవలసి వస్తుంది.

సామాను అందరిదీ. బ్యాట్లు, బేస్‌లు, హెల్మెట్లు తెచ్చేటపుడు, సర్దేటపుడు పెద్ద ఆటగాళ్ళు, చిన్న ఆటగాళ్ళు అన్న భేదం లేదు. బ్యాటు నేలకేసి కొట్టినవారు ఆ ఇన్నింగ్స్ కూర్చోవాలి.

అంపైరు మాట తుది మాట. సందేహముంటే కెప్టెన్ ఒక్కరే, ఒక్కసారే, మర్యాదగా అడుగవచ్చును.

తోటి ఆటగాడు బంతి వదిలినపుడు వెక్కిరించరాదు. తరువాతి బంతి తనకే రావచ్చునని గుర్తుంచుకోవాలి.

నొప్పి దాచరాదు. చేయి క్రిందినుండి విసరడంలో శ్రమ లేదన్నది అపోహ. ఒకే పిల్ల రోజూ విసరితే భుజం దెబ్బతింటుంది. కనుక విసరే వంతు ముగ్గురు నలుగురు పంచుకోవాలి.

మనసుకు పట్టే విషయమేమంటే, ఈ నియమాలు విన్న తరువాత పిల్లలు తమంతట తాము ఒకటి చేర్చారు: "ఓడిన జట్టుకు ముందు నీళ్ళు ఇవ్వాలి."

తల్లిదండ్రుల నుండి ఆశించేవి

పెద్దలతో చెప్పడం కొంత కష్టమైనది. అందరూ మన మిత్రులే, కొందరు మనకన్న పై అధికారులు. అయినా ఈ విధంగా చెప్పాము:

తాడుకు ఇవతలనుండి ఆట నేర్పరాదు. మైదానంలో శిక్షకుడు ఒక మాట, తండ్రి మరొక మాట చెబితే బిడ్డ ఏది వినాలి? చప్పట్లు కొట్టండి, రెండు జట్లకూ కొట్టండి. బిడ్డ పేరు పెట్టి సూచనలు మాత్రం ఇవ్వకండి.

అంపైరుగా నిలబడినది పదహారేళ్ళ కుర్రవాడు, లేదా రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చిన మన సహోద్యోగి. వారిని పిల్లల ఎదుట తూలనాడితే పిల్లలు నేర్చుకొనేది ఆ తూలనాడడమే.

ఇంటికి వెళ్ళే దారిలో ఆటను పోస్టుమార్టం చేయకండి. ఆ పది నిముషాలే పిల్లలకు అన్నిటికన్న భారమైనవి. బిడ్డ తానుగా చెప్పితే వినండి. లేకపోతే "ఆకలిగా ఉందా?" అని అడగండి, చాలును.

ఇతర పిల్లలతో పోల్చకండి. ఇద్దరి తండ్రులు ఒకే సెక్షనులో పనిచేస్తున్నపుడు, ఆఫీసులోని పోటీ మైదానానికి దిగడం మనందరికీ తెలిసినదే.

ఎండ, నీరు, దోమల విషయం మరువకండి. వేసవిలో ఉదయం 6 గంటలకు మొదలుపెట్టి 8 గంటలకు ముగిస్తాము. నీళ్ళ సీసా, టోపీ ఇంటినుండి పంపాలి. సాయంత్రం ఆటలకు నిండు చేతుల చొక్కా వేయాలి. మలేరియా మన బస్తరుకు కొత్త కాదు. జ్వరం తగిలిన బిడ్డను పోటీ ఉన్నదని పంపరాదు.

ఇక మా వంతు కూడా వ్రాసి సంతకం చేశాము: ప్రతి బిడ్డా ప్రతి ఆటలో కనీసం ఒకసారి బ్యాటు పట్టాలి, కనీసం రెండు ఇన్నింగ్స్ కాపు కాయాలి. ఫైనలైనా ఇదే నియమం. ఈ నియమం తప్పితే ఏ తల్లి అయినా మమ్మల్ని నిలదీయవచ్చును.

దసరాలో ఏమి జరిగినది

అన్నీ చక్కబడినాయని చెప్పము. మొదటి రోజుననే ఇద్దరు తండ్రులు వాదనకు దిగారు. ఒక తల్లి నియమాల కాగితం చదివి, "మా పిల్లకు రెండు ఇన్నింగ్సేనా?" అని నొచ్చుకొన్నది. బలహీనమైన బ్యాటర్లను కూడా ఆడించినందువలన ఒక జట్టు గెలువవలసిన ఆట ఓడిపోయింది. అది మాకు కూడా చివుక్కుమన్నది. అలవాటు అంత త్వరగా పోదు.

ఏప్రిల్‌లో కేకలు వేసిన ఆ తండ్రికి మాత్రం మేము ఒక పని అప్పగించాము. స్కోరు పుస్తకం చేతికిచ్చి బల్ల దగ్గర కూర్చోబెట్టాము. సాఫ్ట్‌బాల్ స్కోరు వ్రాయడం ఊరక కూర్చొని చేసే పని కాదు. ప్రతి బంతీ స్ట్రైకా, బాలా, ఎవరు విసరారు, ఎవరు పట్టారు, ఎవరు ఏ బేస్ చేరారు అన్నీ గుర్తులతో నింపాలి. కేక వేయడానికి తీరిక ఉండదు. ముందుగా కూతురిని అడిగి రమ్మన్నాము. ఆమె కొంత ఆలోచించి, "స్కోరు వ్రాస్తే రావచ్చు నాన్నా" అన్నదట.

మూడవ రోజున ఆ అమ్మాయి వైపు మళ్ళీ బంతి దొర్లి వచ్చింది. ఈసారి కూడా చేతికి అందలేదు. కథలలో వలె అద్భుతమేమీ జరుగలేదు. అయితే ఆమె తండ్రి బల్ల వైపు చూడలేదు. వెనుదిరిగి బంతి వెంట పరుగెత్తి, తీసి, సరిగా మూడవ బేస్‌కు విసరినది. పరుగెత్తుతున్న పిల్ల అక్కడ ఆగిపోయింది. తండ్రి తలవంచి పుస్తకంలో ఆ తప్పును తప్పుగానే గుర్తించాడు. ఆట ముగిసిన తరువాత పుస్తకం మూసి మాకు ఇస్తూ, "ఇది ఇంత కష్టమైన ఆట అని నాకు తెలియదండీ" అన్నాడు. ఇద్దరూ ఒకే స్కూటరు మీద ఇంటికి వెళ్ళారు.

రాబోయే వేసవి శిబిరానికి పేర్లు ఇచ్చేటపుడు ప్రతి కుటుంబానికీ ఈ నియమాల కాగితం ఇస్తాము. బిడ్డ సంతకం, తల్లిదండ్రుల సంతకం, మా సంతకం మూడూ ఉంటాయి. స్కోరు వ్రాయడానికి, నీళ్ళు మోయడానికి, సున్నం గీతలు గీయడానికి పెద్దలు కావలెను. మైదానంలో పెద్దలకు చేతినిండా పని ఉన్నది; ఆట మాత్రం పిల్లలది.

ఆ సాయంత్రం ఎర్రబోరులో టైరు వచ్చేసరికి చీకటి పడింది. పిల్లలు కర్రను తాటిచెట్టు మొదట ఆనించి, బంతిని వృద్ధుని మంచం క్రింద దాచి ఇళ్ళకు వెళ్ళిపోయారు. ఆ రోజు ఎవరు గెలిచారో మేము అడగలేదు.